తెలుగు పుస్తకం మార్జిన్లు: కొలత మొదలయ్యేది బైండింగ్ దగ్గర

అట్ట బాగుంటుంది, కాగితం బాగుంటుంది, అక్షరం కూడా కంటికి ఇంపుగా ఉంటుంది. అయినా పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో వరుసల చివరి అక్షరాలు, కుడి పేజీలో వరుసల మొదటి అక్షరాలు మడతలోకి దిగిపోయి ఉంటాయి. రెండు బొటనవేళ్లతో నొక్కిపట్టి చదవాలి. ఇంకాస్త గట్టిగా నొక్కితే వెన్ను పగిలి కాగితాలు ఊడివస్తాయి. తెలుగు పుస్తకాల్లో ఇది మామూలైపోయి, చదివేవాళ్లు దీన్ని లోపంగా చెప్పడం కూడా మానేశారు. లోపం మాత్రం లోపమే. అది పుట్టేది కంపోజింగ్ మొదలుపెట్టిన మొదటి నిమిషంలో, డాక్యుమెంట్ సెటప్ పెట్టెలో నింపే నాలుగు మార్జిన్ అంకెల్లో.

ఆ నాలుగు అంకెలు తెర చూసి వేసేవి కావు. తెర మీద రెండు పేజీలూ చదునుగా, పక్కపక్కన, మధ్యలో సన్నటి గీతతో కనిపిస్తాయి. అచ్చయిన పుస్తకంలో ఆ గీత చోట కాగితం లోపలికి వంగుతుంది. ఎంత వంగుతుందన్నది బైండింగ్‌ను బట్టి, పేజీల సంఖ్యను బట్టి, కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు కట్ సైజు (అంచులు కోశాక పుస్తకం ఉండే కొలత), తర్వాత బైండింగ్, దాన్ని బట్టి లోపలి మార్జిన్ (వెన్ను వైపు వదిలేది), ఆపైన వరుస పొడవు, వరుసల లెక్క తేలాలి. పైమార్జిన్, కింది మార్జిన్ ఆ లెక్క తర్వాతే స్థిరపడతాయి. ఈ క్రమం తలకిందులైతే తర్వాత ఎన్ని దిద్దుబాట్లు చేసినా పుస్తకం కుదురుకోదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది 1/8 డెమీ. కథలు, నవలలు, వ్యాస సంపుటాలు ఎక్కువగా వచ్చేది ఆ సైజులోనే.

కాగితం, కత్తి, వెన్ను

23×36 అంగుళాల డబుల్ డెమీ కాగితాన్ని రెండుగా కోస్తే 18×23 షీటు వస్తుంది. దాని మీద ఒక్కో వైపు 8 పేజీలు, రెండు వైపులా కలిపి 16 పేజీలు. ఇదే ఒక ఫారం. మడిచాక ఒక్కో ఆకు 5.75×9 అంగుళాలు ఉంటుంది. కటింగ్ అయ్యాక చేతికొచ్చే పుస్తకం 5.5×8.5. వెడల్పులో పోయే పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, ఎటుపోతుందో తెలుసుకోవాలి. పర్ఫెక్ట్ బైండింగ్‌లో ఫారాలను పేర్చి వెన్ను వైపు 2 నుంచి 3 మిల్లీమీటర్లు గీకేసి, ఆ గరుకు అంచుకు జిగురు పట్టిస్తారు. మిగతా 3 మిల్లీమీటర్లు బయటి అంచున కత్తికి పోతాయి. ఎత్తులో పోయే అర అంగుళం తలవైపూ అడుగువైపూ పంచుకుంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో పేజీ సైజుగా ఇవ్వాల్సింది కట్ అయిన సైజు, 5.5×8.5. ఎ4 పేజీ తెరిచి మధ్యలో డబ్బా గీసుకుని అందులో మ్యాటర్ నింపే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. అలా చేస్తే మార్జిన్ అనేదే ఫైలులో ఉండదు. ప్రెస్సులో పేజీలు పేర్చేవాళ్లు కంటి అంచనాతో జరుపుకుంటారు, ఒక ఫారంలో ఒకలా, ఇంకో ఫారంలో మరోలా వస్తుంది. ఇంకో పొరపాటు 5.75×9 అని ఇవ్వడం. అప్పుడు తెర మీద చూసి మురిసిన మార్జిన్లో ఎంత పోతుందో బైండింగ్ అయ్యాక గానీ తెలియదు.

వెన్ను గీకడానికి చోటు ప్రెస్సులో పేజీలు పేర్చేటప్పుడే వదలాలి. వదలకుండా రెండు పేజీలను వెన్ను దగ్గర ఆనించి పేరిస్తే ఆ 3 మిల్లీమీటర్లు లోపలి మార్జిన్‌లోంచే పోతాయి. పని మొదలుపెట్టే ముందు బైండర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: వెన్ను ఎంత గీకుతారు, దానికి ఫారంలో చోటు వదులుతున్నారా?

లోపలి మార్జిన్ ఎంత

నడిమి మడతలో పిన్ను కొట్టే, అంటే సెంటర్ పిన్ వేసే 64 పేజీల లోపు పుస్తకానికి 0.6 అంగుళం చాలు, ఎందుకంటే అది దాదాపు చదునుగా తెరుచుకుంటుంది. ఫారాలు కుట్టి చేసే బైండింగ్‌కు 0.7. పర్ఫెక్ట్ బైండింగ్‌లో 200 పేజీల దాకా 0.8 ఉండాలి, 300 దాటితే 0.9 నుంచి 1. సైడ్ పిన్ వేసే గైడ్లు, నోట్సు పుస్తకాలకు 1 అంగుళం తప్పదు. పిన్ను వెన్నుకు సుమారు పావు అంగుళం లోపల దిగుతుంది, పిన్నుకూ వెన్నుకూ మధ్య భాగం ఎప్పటికీ తెరుచుకోదు.

70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) మ్యాప్‌లిథో కాగితం ఒక ఆకు మందం సుమారు 0.09 మిల్లీమీటర్లు. 200 పేజీలంటే 100 ఆకులు, వెన్ను 9 మిల్లీమీటర్లు. 400 పేజీలకు 18. వెన్ను మందం పెరిగేకొద్దీ పుస్తకం మధ్యలో కాగితం తిరిగే ఒంపు పెద్దదవుతుంది. బాగా లావైన పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకంలో వెన్ను పక్కన 8, 10 మిల్లీమీటర్ల మేర కంటికి ఆనదు. సొంతంగా పుస్తకాలు వేసుకునేవారి కోసం ఉన్న అమెజాన్ కేడీపీలో పుస్తకం అచ్చు వేయించేవారికి ఇచ్చే నిబంధనల్లోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. 150 పేజీల దాకా లోపలి మార్జిన్ కనీసం 0.375 అంగుళం, 151 నుంచి 300 దాకా 0.5, 301 నుంచి 500 దాకా 0.625, ఆపైన ఇంకా ఎక్కువ. అవి అక్షరం మడతలోకి పోకుండా కాపాడే కనీస కొలతలు. హాయిగా చదువుకోవడానికి సరిపోయే కొలతలు కావు, వాటినే నమూనాగా తీసుకోకూడదు.

పుస్తక రూపకల్పన గురించి చదివినవారికి వాన్ డి గ్రాఫ్ పద్ధతి తెలిసే ఉంటుంది. పేజీని అడ్డంగా, నిలువుగా తొమ్మిదేసి భాగాలు చేసి, లోపల ఒక భాగం, పైన ఒకటి, బయట రెండు, కింద రెండు వదులుతారు. పాత ఐరోపా పుస్తకాల అందం చాలావరకు ఈ నిష్పత్తిదే. అందులో లోపలి మార్జిన్ బయటిదాంట్లో సగమే ఉంటుంది. పుస్తకం తెరిస్తే రెండు లోపలి మార్జిన్లు కలిసి ఒకే తెల్లటి పట్టీగా కనిపిస్తాయి గనుక అది సరిపోతుంది. అయితే అది సరిపోయేది ఫారాలు కుట్టి, వెన్ను పూర్తిగా తెరుచుకునే పుస్తకానికి. జిగురు బైండింగ్‌లో ఆ పట్టీ సగం మడతలోకి పోతుంది. పైగా 5.5×8.5 పేజీలో ఆ పద్ధతి పాటిస్తే మ్యాటర్‌కు దక్కేది పేజీలో 44 శాతం, వరుస పొడవు 3.67 అంగుళాలు. తెలుగుకు అది ఇరుకు.

ఎందుకు ఇరుకంటే, తెలుగు మాటలు పొడవు. ‘చేయవలసివచ్చినప్పటికీ’ లాంటి మాట వరుస చివర పట్టకపోతే మొత్తంగా కింది వరుసకు దిగుతుంది. మనం మాటను విరిచి హైఫన్ పెట్టే అలవాటు తక్కువ. రెండు అంచులూ సమం చేసిన మ్యాటర్‌లో ఆ పోయిన చోటంతా మిగిలిన మాటల మధ్య ఖాళీలుగా పంచబడుతుంది. 13 పాయింట్ల అక్షరంతో 4.1 అంగుళాల వరుసలో ఆరేడు మాటలు పడతాయి, ఖాళీలు సర్దుకుంటాయి. అదే 3.67 అంగుళాల్లో అయిదు మాటలకు పడిపోయిన వరుసలు తరచుగా వస్తాయి, పేజీ నిండా తెల్లటి కంతలు కనిపిస్తాయి. అందుకే పక్క మార్జిన్లను ఉదారంగా పెంచేయడం తెలుగులో ఉచితంగా దొరికే అందం కాదు.

కాబట్టి 200 పేజీల పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకానికి లోపల 0.8, బయట 0.6 పెడితే వరుస పొడవు 4.1 అంగుళాలు. బయట 0.6 కన్నా మరీ తగ్గిస్తే పుస్తకం పట్టుకున్న బొటనవేలు అక్షరాల మీదే పడుతుంది.

వరుసల లెక్క నుంచి పైనా కిందా

పై, కింది మార్జిన్లను ముందే గుండ్రటి అంకెలుగా వేసి, ఎన్ని వరుసలు పడితే అన్ని పడనివ్వడం మామూలుగా జరిగే పని. దానివల్ల అడుగున వరుస పట్టని చోటు వృథాగా మిగిలి, కింది మార్జిన్ చెప్పినదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. తిరగేసి లెక్కేయాలి. 13 పాయింట్ల అక్షరం, 18 పాయింట్ల లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) అనుకుందాం. వత్తులు, గుడులు ఒకదాన్నొకటి తాకకుండా ఉండాలంటే తెలుగుకు ఈమాత్రం ఎడం కావాలి. 27 వరుసలంటే 486 పాయింట్లు, 72తో భాగిస్తే 6.75 అంగుళాలు. 8.5లో అది పోగా మిగిలింది 1.75. పైన 0.8, కింద 0.95. మ్యాటర్ ఇప్పుడు పేజీలో 59 శాతం.

కింద ఎక్కువ వదలడానికి తెలుగులో అదనపు కారణం ఉంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు ఆఖరి వరుసలో పడితే వత్తులు కిందికి వేలాడతాయి. పేజీ అంకె దగ్గరగా ఉంటే వత్తు దానికి తగిలినంత పని అవుతుంది. ఆఖరి వరుసకూ పేజీ అంకెకూ మధ్య కనీసం ఒక పూర్తి వరుస ఎడం ఉండాలి. ఈ వత్తుల కోసమే సాఫ్ట్‌వేర్‌లో కింది మార్జిన్ 0.95 బదులు 0.85 ఇవ్వడం మంచిది. అప్పుడు ఫ్రేము (మ్యాటర్ నింపే డబ్బా) ఎత్తు 493 పాయింట్లు. 27 వరుసలు వత్తులతో సహా పడతాయి, 28వ వరుసకు 504 కావాలి గనుక అది దూరదు.

పై అంచు దగ్గర, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మరో చిక్కు. మొదటి వరుస ఫ్రేము పై అంచు నుంచి ఎంత కిందికి మొదలవ్వాలో ఆ ఫాంటులో రాసి ఉన్న ఎత్తును బట్టి తీసుకుంటుంది. తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఆ ఎత్తు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఫాంటు మారిస్తే మార్జిన్ అంకె అదే ఉన్నా మొదటి వరుస జరిగిపోతుంది. ఆబ్జెక్ట్ మెనూలో టెక్స్ట్ ఫ్రేమ్ ఆప్షన్స్ తెరిచి, బేస్‌లైన్ ఆప్షన్స్ కింద ఆఫ్‌సెట్‌ను ‘అసెంట్’ నుంచి ‘లీడింగ్’కు మార్చితే ఏ ఫాంటయినా మొదటి వరుస పై మార్జిన్‌కు సరిగ్గా 18 పాయింట్ల కింద నిలుస్తుంది. దీనితోపాటు ప్రిఫరెన్సెస్‌లోని గ్రిడ్స్‌లో బేస్‌లైన్ గ్రిడ్‌ను (వరుసలు కూర్చునే గీతలను) టాప్ మార్జిన్ నుంచి, 18 పాయింట్ల ఎడంతో పెట్టి, మ్యాటర్ స్టైల్‌ను దానికి కట్టేయాలి. 60, 70 జీఎస్ఎం కాగితంలో వెనక పేజీ అక్షరాలు లీలగా కనిపిస్తాయి. రెండు వైపులా వరుసలు ఒకదాని వెనక ఒకటి పడితే ఆ నీడ వరుసల మాటున దాగిపోతుంది, లేకపోతే వరుసల మధ్య బూడిదరంగు చారలుగా తేలుతుంది.

పెట్టెలో అంకెలు నింపడం

ఇన్‌డిజైన్ కన్నా పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా అను ఫాంట్లతో కంపోజ్ చేసే చోట ఇప్పటికీ అదే నడుస్తోంది. ఫైల్ మెనూలో న్యూ నొక్కగానే డాక్యుమెంట్ సెటప్ వస్తుంది. పేజ్ సైజ్ కస్టమ్, డైమెన్షన్స్ 5.5 బై 8.5, ఓరియెంటేషన్ టాల్. డబుల్ సైడెడ్, ఫేసింగ్ పేజెస్ రెండింటికీ టిక్ ఉండాలి. డబుల్ సైడెడ్ టిక్ ఉంటేనే ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ అన్న పేర్లు కనిపిస్తాయి, తీసేస్తే లెఫ్ట్, రైట్ అవుతాయి. అలా లెఫ్ట్, రైట్ ఉన్న ఫైలులో ఎడమవైపు 0.8 ఇస్తే బేసి పేజీలకు సరిపోతుంది. సరి పేజీల్లో వెన్ను కుడివైపు ఉంటుంది కాబట్టి అక్కడ 0.6 మాత్రమే దక్కుతుంది. పుస్తకంలో సగం పేజీలు బాగుండి సగం మడతలోకి పోతున్నాయంటే ముందు చూడాల్సింది ఈ టిక్కే.

పేజ్‌మేకర్ తనంతట తాను చూపించే అంకెలు లోపల 1 అంగుళం, మిగతా మూడు వైపులా 0.75. పెద్ద పేజీకి తగిన కొలతలవి, 1/8 డెమీలో అలాగే వదిలేస్తే వరుస పొడవు 3.75కు కుంచించుకుపోతుంది. ఇన్‌డిజైన్ చూపించే అర అంగుళం దీనికి వ్యతిరేకం. నాలుగు వైపులా 0.5 ఉంటే మ్యాటర్ పేజీలో 72 శాతం ఆక్రమిస్తుంది, పర్ఫెక్ట్ బైండింగ్‌లో లోపలి అక్షరాలు చిక్కుతాయి. అక్కడ నాలుగు అంకెల మధ్య ఉన్న గొలుసు గుర్తును విడగొట్టాకే వేర్వేరు అంకెలు ఇవ్వడం కుదురుతుంది. కొత్త డాక్యుమెంట్ పెట్టెలోనే ప్రైమరీ టెక్స్ట్ ఫ్రేమ్‌కు టిక్ పెట్టుకుంటే మ్యాటర్ మార్జిన్లకు కట్టుబడి పేజీ తర్వాత పేజీ పారుతుంది. యూనికోడ్ తెలుగుకు వత్తులు, గుడులు సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్‌ను ముందే ఎంచుకోవాలి. సగం పని అయ్యాక మారిస్తే వరుసలు విరిగే చోట్లు మారి పేజీల సంఖ్యే మారిపోవచ్చు.

పని మధ్యలో మార్జిన్ మార్చాల్సి వస్తే, ఇన్‌డిజైన్‌లో లేఅవుట్ మెనూలోని మార్జిన్స్ అండ్ కాలమ్స్ ఆ సమయంలో ఎంచుకుని ఉన్న పేజీకే వర్తిస్తుంది. పుస్తకమంతా మారాలంటే పేజెస్ ప్యానెల్లో పేరెంట్ పేజీ (మిగతా పేజీలు అనుసరించే నమూనా పేజీ) పేరు మీద రెండుసార్లు నొక్కి, దాని రెండు పేజీలూ ఎంచుకున్నాకే మార్చాలి. పాత వెర్షన్లలో దీన్నే మాస్టర్ పేజీ అనేవారు. ఒక పేజీనే ఎంచుకుంటే బేసి పేజీలు మారి సరి పేజీలు పాత కొలతలో మిగిలిపోతాయి. అడ్జస్ట్ లేఅవుట్ టిక్ లేకపోతే మార్జిన్ గీతలు జరుగుతాయి గానీ అప్పటికే చేత్తో గీసిన ఫ్రేములు కదలవు. ముందుమాట ఒక పేజీ పెరిగి వెనక పేజీలన్నీ కుడి ఎడమలు మారినప్పుడూ ఇదే జరుగుతుంది. మార్జిన్లు తిరగబడతాయి, చేత్తో గీసిన ఫ్రేములు పాత చోటే ఉండిపోతాయి. మ్యాటర్‌ను చేత్తో గీసిన డబ్బాల్లో పోయవద్దనేది అందుకే.

కొత్త అధ్యాయం పేజీలో శీర్షిక కాస్త కిందికి రావాలి. దానికి శీర్షిక స్టైల్‌లో ‘స్పేస్ బిఫోర్’ (పేరాకు పైన వదిలే ఖాళీ) పెంచితే ఇన్‌డిజైన్ ఫ్రేము పై అంచున దాన్ని పట్టించుకోదు. ఎంటర్ కొట్టి ఖాళీ వరుసలతో నెట్టడం ఇంకా చెడ్డది, ముందు పేజీలో ఒక వరుస పెరిగినా అన్నీ తప్పుతాయి. అధ్యాయపు మొదటి పేజీకి వేరే పేరెంట్ పేజీ చేసి, పై మార్జిన్ 2.8 అంగుళాలు ఇస్తే సరిపోతుంది. 8 వరుసలు ఇంటూ 18 పాయింట్లు 144, అంటే సరిగ్గా 2 అంగుళాలు. కాబట్టి మిగిలిన 19 వరుసలూ ఎదుటి పేజీ వరుసలతో సమంగానే నిలుస్తాయి.

మార్జిన్ కోసి కాగితం మిగల్చడం

ప్రచురణకర్త నుంచి తరచుగా వచ్చే మాట: మార్జిన్ కొంచెం తగ్గించండి, ఫారం కలిసొస్తుంది. లెక్క చూస్తే, పేజీకి 27 వరుసలతో 200 పేజీలంటే 5,400 వరుసలు, పన్నెండున్నర ఫారాలు. 29 వరుసలు చేస్తే 187 పేజీలు, 12 ఫారాల్లో, అంటే 192 పేజీల్లో, ఇమిడిపోతుంది. మిగిలేది అర ఫారం. వెయ్యి కాపీలకు అది 18×23 షీట్లు 500, అంటే డబుల్ డెమీ 250 షీట్లు, అర రీము కాగితం. దానికోసం పై, కింది మార్జిన్లలో 36 పాయింట్లు, అర అంగుళం, ప్రతి పేజీలోనూ పోతుంది. అదే అర ఫారం రాబట్టుకోవడానికి వేరే దారులు ఉన్నాయి. అధ్యాయాలు కుడి పేజీలోనే మొదలవ్వాలన్న నియమం సడలిస్తే ఖాళీ ఎడమ పేజీలు తగ్గుతాయి. ఒకటి రెండు వరుసలతో ముగిసే పేజీలను వెనక్కి లాగవచ్చు. అక్షరాన్ని అర పాయింటు తగ్గించినా చదవడానికి పెద్ద తేడా రాదు. ఒకవేళ మార్జినే తగ్గించాల్సి వస్తే పైన, కింద ఒక్కో వరుస మాత్రమే తగ్గించాలి. లోపలి మార్జిన్ జోలికి వెళ్లకూడదు.

సెంటర్ పిన్ పుస్తకాల్లో శ్రద్ధ చూపాల్సింది బయటి మార్జిన్ మీద. 64 పేజీలంటే ఒకదానిలో ఒకటి దూర్చిన 16 మడతలు. లోపలి మడతలు బయటివాటి మందం మేర ముందుకు తోసుకొస్తాయి, నట్టనడి పేజీ దాదాపు 1.4 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. కత్తి అన్నింటినీ ఒకే గీత మీద కోస్తుంది గనుక మధ్య పేజీల బయటి మార్జిన్ అంతమేర తరుగుతుంది. బయట 0.65 ఇస్తే ఈ తరుగు కంటికి తెలియదు.

శతకాలు, పూజా విధానాల పుస్తకాల్లో పేజీ చుట్టూ బార్డరు వేస్తారు. కటింగ్‌లో 1, 2 మిల్లీమీటర్ల తేడా ఎంత మంచి బైండింగ్‌లోనైనా వస్తుంది. బార్డరు అంచుకు 4 మిల్లీమీటర్లలో ఉంటే ఒక పక్క 2, ఇంకో పక్క 6 అయి పేజీ మొత్తం వంకరగా కనిపిస్తుంది. 9, 10 మిల్లీమీటర్లు లోపల ఉంటే అదే తేడా ఎవరికీ కనబడదు. ఇక అంచు దాకా రంగు, బొమ్మ ఉన్న పేజీల్లో పని వేరు. వాటిని కట్ సైజు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి సాగదీయాలి, బ్లీడ్ అరలో అదే అంకె ఇవ్వాలి.

ప్రెస్సుకు పంపే ముందు తెర మీద చూసుకోవడం చాలదు. ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్’ అన్న ఎంపిక ఉంటే ప్రింటర్ పేజీని కాగితానికి తగ్గట్టు పెంచడమో తగ్గించడమో చేస్తుంది, స్కేలు పెట్టి కొలిచినా తప్పుడు అంకెలే వస్తాయి. ‘యాక్చువల్ సైజ్’లో ఒక ఫారం, 16 పేజీలు, కట్ గుర్తులతో రెండు వైపులా తీసి కోయాలి. అన్ని పేజీలూ ఉన్న ఖాళీ డమ్మీని అదే కాగితంతో, అదే బైండింగ్‌లో బైండర్ చేత చేయించి, కోసిన పేజీల్లో నాలుగింటిని దాని మధ్యలో వెన్నుదాకా ఆనించి అంటించాలి. పుస్తకాన్ని ఒక చేత్తో పట్టుకుని తెరిచినప్పుడు లోపలి అక్షరాలు నొక్కకుండానే కనిపిస్తే కొలత సరిపోయినట్టు. కనిపించకపోతే లోపలికి 0.1 కలిపి, బయట 0.05 తగ్గించి చూడాలి. వరుస పొడవు 4.05 అవుతుంది, 200 పేజీల మీద రెండు మూడు పేజీలు పెరుగుతాయి. పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు ‘స్ప్రెడ్స్’ కాకుండా ‘పేజెస్’ ఎంచుకోవాలి. జంట పేజీలుగా పంపితే ప్రెస్సులో పేర్చేవాళ్లు వాటిని మళ్లీ మధ్యకు కోసుకోవాలి, వెన్ను దగ్గర వదలాల్సిన చోటు అక్కడే తప్పిపోతుంది.